గోడ కింద ఒకే బావి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా నాచారం అపార్ట్‌మెంటు బాల్కనీలో నిలబడి ఒక వింత చూశాను. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన కురుస్తోంది, గేటు ముందు రోడ్డు మీద పిక్కల లోతున నీళ్ళు పారుతున్నాయి, ఆ పారే నీళ్ళ మధ్యలోనే ఒక ట్యాంకరు నిలబడి లావుపాటి పైపుతో మా సంపులోకి నీళ్ళు నింపుతోంది. అంతటితో ఆగితే నేనూ ఊరుకునేవాణ్ణే. మా వాచ్‌మన్ గొడుగు తెచ్చి సంపు మూత మీద పట్టుకుని నిలబడ్డాడు, తను మాత్రం నిలువునా తడుస్తున్నాడు. అదేమిటయ్యా అని పైనుంచి కేకేస్తే, “కొన్న నీళ్లల్ల వాన నీళ్లు కలువొద్దన్నరు సార్!” అని తలెత్తి అరిచాడు. 

మాకూ ఒక ఇంకుడు గుంత ఉంది సుమండీ, లేదని అంటే పాపం తగులుతుంది. బిల్డింగు కట్టినప్పుడు కాగితాల కోసం తవ్వించారు, తర్వాత బండ్లకు చోటు చాలడం లేదని దాని మీద టైల్స్ పరిపించారు, ఇప్పుడు దాని మీద ఎవరిదో తెల్లకారు హాయిగా నిద్రపోతోంది. డాబా మీద పడ్డ వానంతా గోడ పక్క పైపులోంచి దిగి నేరుగా మోరీలో కలుస్తుంది. లోపలినుంచి మా ఆవిడ, “వాన ఎన్నడు జూడనట్టు జూస్తున్నవు, చాయ్ సల్లారిపోతుంది” అని గదమాయించింది. ఆమెకేం తెలుసు, అప్పటికే నా ప్రాణం ఉప్పల్‌లోని మా పాత ఇంటి వాకిట్లోకి వెళ్ళిపోయింది.

మేము అచ్చంగా ఉప్పల్ ఊరివాళ్ళం. ఇవాళ ఉప్పల్ అంటే మెట్రో, ట్రాఫిక్కు, ఎప్పటికీ పూర్తికాని ఫ్లైఓవరు అనుకుంటారు గానీ, నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు అక్కడ జొన్న చేలు ఉండేవి, సాయంత్రమైతే బర్రెలు దుమ్ము లేపుకుంటూ ఇంటికి వచ్చేవి, నాచారం వైపు నుంచి ఫ్యాక్టరీ సైరన్ వినిపిస్తే దాన్ని బట్టే ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. మా ఇల్లు బెంగుళూరు పెంకుల ఇల్లు, పొడుగాటిది, ముందు పెద్ద వాకిలి, ఆ వాకిలి నడిమధ్యలో రాతితో కట్టిన బావి. మా నాయన, మా చిన్నాయన, వాళ్ళ సంసారాలు, అందరం ఒకే పొయ్యి వంట తిని పెరిగాం. చిన్నాయన మా నాయనకంటే చాలా చిన్నవాడు, నాకు అన్నలా ఉండేవాడు. ఆయన పెళ్ళి చేసుకుని చిన్నమ్మను తెచ్చినప్పుడు ఆమెకు సరిగ్గా అన్నం వార్చడం కూడా రాదు, మా అమ్మే దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది, తలకు నూనె పెట్టి జడ కూడా వేసేది. తోడికోడళ్ళు అంటే ఎవరూ నమ్మేవారు కాదు, తల్లీకూతుళ్ళా అని అడిగేవారు.

ఇక్కడ మా అమ్మ వాననీళ్ళ సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. అమ్మ భువనగిరి అవతల పల్లె నుంచి వచ్చిన మనిషి, వాళ్ళ దిక్కు నీళ్ళు మంచివి కావు, అందుకని వాళ్ళ ఇళ్ళలో వాననీళ్ళను దేవుడి ప్రసాదంలా పట్టుకుంటారు. కాలం మొదట పడ్డ వానను వదిలేసేది, పెంకుల మీద దుమ్మూ, ఫ్యాక్టరీల పొగ మసీ అంతా కడుక్కుపోవాలి కదా. తర్వాతి వానకు మాత్రం ఉతికిన తెల్లధోవతి ఒకటి తెచ్చి, వాకిట్లో నాలుగు కర్రలకు నాలుగు మూలలు కట్టి, నడుమ ఒక నున్నటి రాయి పెట్టేది. ఆ రాయి బరువుకు బట్ట కిందికి జారి, నీళ్ళన్నీ అక్కడికి చేరి, కింద పెట్టిన ఇత్తడి గంగాళంలోకి సన్నటి ధారగా పడేవి. ఉప్పల్ ఆడవాళ్ళు మొదట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారట. కానీ మా బావినీళ్ళలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు విరిగేది కాదు, అదే వాననీళ్ళలో వేస్తే ఇట్టే మెత్తబడి వెన్నలా అయ్యేది. ఆ పప్పు ఒక్కసారి తిన్నాక నవ్విన వాళ్ళంతా ధోవతులు వెతుక్కున్నారు. చిన్నమ్మకైతే ఆ పప్పంటే పిచ్చి, దానితో మరో కూర అక్కర్లేకుండా రెండు కంచాలు తినేది.

చేలు ప్లాట్లయ్యాయి, తాత పోయాడు, అన్నదమ్ములు వేరుపడాల్సిన రోజు వచ్చింది. దానికి ఎవరినీ తప్పుపట్టను, అన్ని ఇళ్ళలో జరిగేదే. ఊరి పెద్దమనుషులు మా వాకిట్లో గొంగడి పరుచుకుని కూర్చుని, ఇల్లూ వాకిలీ బర్రెలూ బిందెలూ సగం సగం చేశారు. బావి దగ్గరకు వచ్చేసరికి చిక్కొచ్చింది, దాన్ని ఎవరికిచ్చినా రెండోవాళ్ళు ఎండిపోతారు. చివరకు మా దిక్కు రివాజు ప్రకారమే చేశారు, వాకిలి మధ్య గోడను బావి మీదుగా తీసుకుపోయారు. బావికి అడ్డంగా ఒక పెద్ద రాతిదూలం వేసి, దాని మీద ఇటుకలు పేర్చి గోడ లేపారు. పైన చూస్తే గోడ, కింద చూస్తే నీళ్ళు ఒక్కటే. అటు వాళ్ళకో గిరక, ఇటు మాకో గిరక. మేస్త్రీ పని ముగించి, బ్రహ్మాండంగా వచ్చిందని తన పనిని తానే మెచ్చుకున్నాడు.

ఇంట్లో ఉన్న గిన్నె గరిటె దాకా పంచిన ఆ పెద్దమనుషులు ఒక్కదాన్ని మాత్రం మరిచిపోయారు, ఇంటి మీద పడే వాన ఎటు పోవాలో చెప్పలేదు. చిన్నాయన చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే తన సగం మీది పెంకులు దింపించి సిమెంటు రేకులు వేయించాడు. ఆ రేకుల వాలు మా వైపు ఎక్కువైంది. మొదటి పెద్దవానకే అటు నీళ్ళన్నీ గోడ దూకి వచ్చి, అమ్మ గోడ వారన గూడు కట్టి దాచుకున్న పిడకలన్నీ పేడముద్దలైపోయాయి. ఇంతకీ కొట్లాట పిడకల కోసమంటే మీరు నవ్వుతారు, నాకూ నవ్వే వస్తుంది, కానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మా నాయన కోపం ముక్కు మీద ఉండే మనిషి, గోడ దగ్గరకు పోయి, “ఇల్లు పంచుకున్నం గద రా, ఇంక నీ వాన నాకెందుకు?” అని అరిచాడు. అటునుంచి చిన్నాయన, “నా వాన నీకు పడదా? మంచిది, ఇగ ఒక్క బొట్టు ఇయ్య!” అన్నాడు. అన్నట్టే మర్నాడు రేకుల అంచుకు నీళ్ళు పట్టే తగరపు దోనె కట్టించి, దాని మూతి గల్లీ వైపు తిప్పించాడు. పెంకులు ఉన్న రోజుల్లో రెండు సగాల చూరు నీళ్ళూ బావి గట్టు పక్క రాళ్ళ కాలువలో పడి నేలలో ఇంకేవి. అప్పటి నుంచి ఆ సగం వాన మోరీ పాలైంది.

అన్నదమ్ముల మాటలు అక్కడితో బంద్. నాయన అక్కడితో ఆగకుండా అమ్మను పిలిచి, ఆ ఇంటి వాళ్ళ ముఖం చూసి మాట్లాడితే తన మీద ఒట్టు అన్నాడు. అటు చిన్నాయన కూడా చిన్నమ్మకు అదే హుకుం వేశాడు. పాపం ఆ తర్వాత రెండు రోజులు అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే అమ్మ బావి గట్టు మీద వంగి, చేద దింపుతూ, నీళ్ళ వైపు చూస్తూ మెల్లగా మాట్లాడుతోంది. మతి పోయిందా ఏమిటని దగ్గరికి వెళ్ళాను. అప్పుడు బావి లోపలినుంచి చిన్నమ్మ గొంతు వచ్చింది, “నేను మంచిగనే ఉన్న అక్కా, నువ్వు తిన్నవా?” అని. గోడకు ఆవలివైపు ఆమె కూడా అలాగే వంగి నీళ్ళతో మాట్లాడుతోంది. ముఖం చూసింది లేదు, ఒట్టు తప్పింది లేదు. అమ్మ నా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకుంది, ఆ కళ్ళలో చిన్నపిల్లల సంబరం ఉంది.

ఇక ఆ బావి గట్టు మీద జరగని ముచ్చట లేదు. రాతి గోడల మధ్య మాట గుండ్రంగా తిరిగి, కొంచెం బరువెక్కి, పైకి వచ్చేది. చింతచిగురు ఎక్కడ దొరికింది, ఎవరి బర్రె ఈనింది, చిన్నాయన రాత్రి ఏమని విసుక్కున్నాడు, నాయన ఎందుకు అలిగాడు, అన్నీ నీళ్ళలోకే చెప్పుకునేవారు. నీళ్ళు పైదాకా ఉన్న కాలంలో ఇంకో వేడుక కూడా జరిగేది. అమ్మ మూతగిన్నెలో పప్పు పెట్టి, గిన్నెను చేదలో కూర్చోబెట్టి, తాడు వదులు చేసి నీళ్ళ మీద తేలనిచ్చి, వెదురు కర్రతో మెల్లగా గోడ కిందుగా అవతలికి నెట్టేది. అటు చిన్నమ్మ దాన్ని అందుకుని ఖాళీ గిన్నె ఎన్నడూ పంపేది కాదు, అందులో పచ్చడో పూలో ఏదో ఒకటి తిరిగి వచ్చేది. ఇంట్లో మగవాళ్ళిద్దరికీ ఇదేమీ తెలియదని వాళ్ళిద్దరి నమ్మకం.

నేను అప్పటికే నాచారంలో ఒక ఇంజినీరింగు ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాను, చేర్పించింది చిన్నాయనే. అక్కడ ఆయన ఫిట్టరు. నా అవస్థ చూడండి, ఫ్యాక్టరీలో ఆయన నా చిన్నాయన, తన డబ్బాలో కూర తీసి నాకు వేసేవాడు, లేతు మిషను దగ్గర చేతులు జాగ్రత్త అని పదిసార్లు చెప్పేవాడు. షిఫ్టు అయ్యాక ఇద్దరం సైకిళ్ళ మీద పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్ళం. ఉప్పల్ మొదటి ఇళ్ళు కనిపించగానే ఆయన ముఖం బిగించి ముందుకు తొక్కేవాడు, నేను వెనక ఆగి ఒక రాయి మీద కూర్చుని, ఆయన ఇల్లు చేరాడనుకున్నాక బయలుదేరేవాణ్ణి.

తర్వాత కాలం మారింది. చుట్టూ కాలనీలు లేచాయి, ప్రతి ఇంటికీ ఒక బోరు పడింది, రాత్రీ పగలూ ఆ బోరు బండ్ల మోతకు చెవులు దిబ్బళ్ళు పడేవి. మా బావి నీళ్ళు ఏటికేడాది దిగిపోయాయి. నాయన మా సగం పెంకుల నీళ్ళను వృథా పోనివ్వకుండా, బావి పక్క ఒక గుంత తవ్వి కంకర, బొగ్గులు, ఇసుక పరిచి, అందులోంచి వడకట్టుకుని బావిలోకి దిగేట్టు చేశాడు. కానీ మా సగం వాన ఎంతని? ఆ ఎండాకాలం చేద వేస్తే అడుగున బురద తగిలింది. వెదురు కర్ర అందే మాట అటుంచి, తేలడానికి నీళ్ళే లేవు. మాట కూడా అంత లోతుకు పోయి చెదిరిపోయేది, ఇద్దరూ గట్టిగా అరిస్తే తప్ప వినిపించదు, అరిస్తే ఇంట్లో వాళ్ళకు తెలిసిపోతుంది.

సరిగ్గా అప్పుడే చిన్నమ్మ నీళ్ళోసుకుంది. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు, ఎన్నో మొక్కుల తర్వాత. మా మౌలాలి మేనత్త వచ్చి చెప్పేదాకా అమ్మకు ఆ సంగతి తెలియలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందని మా మేనత్త అనుకుంది. తన చేతుల మీద పెరిగిన పిల్ల కడుపుతో ఉంటే, గోడ ఇవతల ఉండి ఒక ముద్ద పెట్టలేని బతుకు అని ఆ రాత్రి నాతో అంది.

దాని మీద పిడుగులాంటి కబురు ఇంకొకటి వచ్చింది. చిన్నాయన బోరు వేయిస్తాడట, ఎండిన బావిని పూడ్పించి తన సగం మీద పుట్టబోయే బిడ్డ కోసం ఒక గది వేసుకుంటాడట. మేస్త్రీని పిలిస్తే వాడు తల గోక్కుని, సగం బావి పూడ్చడం ఎవరి తరమూ కాదు, పూడిస్తే మొత్తం పూడ్చాల్సిందే అన్నాడు. నాయన ససేమిరా అన్నాడు. మళ్ళీ గొంగడి పరిచారు, మళ్ళీ పెద్దమనుషులు కూర్చున్నారు. ఈ వానాకాలం చూడండి, నీళ్ళు పైకి వస్తే బావి ఉంటుంది, రాకపోతే దసరా తర్వాత పూడ్చుకోండి అని తేల్చారు. నాయనకు అది నీళ్ళ పేచీ, చిన్నాయనకు పంతం. అమ్మకు మాత్రం ఆ బావి పోతే చిన్నమ్మ పోయినట్టే. ఆ మాట ఆమె ఎవరితో చెప్పుకోగలదు?

సగం కప్పు వానతో బావి నిండదని అందరికంటే ముందు గ్రహించింది చిన్నమ్మే. మృగశిర దాటి వానలు దిగిన రోజు, చిన్నాయన షిఫ్టులో ఉండగా, ఆమె పీట వేసుకుని ఎక్కి తగరపు దోనె మూతిని గల్లీ వైపు నుంచి బావి వైపు తిప్పేసింది. ఆయన వచ్చే వేళకు మళ్ళీ గల్లీ వైపు తిప్పేసింది. బావిలో ధార పడే చప్పుడుకే అమ్మకు సంగతి అర్థమై నాకూ చెప్పింది, అప్పటి నుంచి అదే ఆట. వాన ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు పడితే మా పండగ, ఇంట్లో ఉన్నప్పుడు పడితే అమ్మ దేవుణ్ణి తిట్టిపోసేది, “ఎప్పుడు గొట్టాల్నో తెలువదా నీకు?” అని ఆకాశం వైపు చేతులు తిప్పేది. షిఫ్టు విడిచే వేళకు వాన మొదలైతే అది నా పని. చిన్నాయనను ఇల్లు చేరనివ్వకుండా నాచారంలో ఇరానీ హోటలుకు లాక్కుపోయి కూర్చోబెట్టాలి. ఒక చాయ్, ఉస్మానియా బిస్కట్, ఇంకో చాయ్, లోకం మీద లేని ముచ్చట్లు. “ఏంది రా, గీ మధ్య మస్తు ప్రేమ ఒలకవోస్తున్నవు?” అని ఆయన అనుమానంగా చూసేవాడు. వాన పట్టుకుంటే నేను తాగిన చాయ్‌లకు రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

నీళ్ళు మెల్లమెల్లగా ఎక్కసాగాయి. అమ్మ పొద్దున లేవగానే మొదట వంగి చూసేది బావిలోకే, ఒక రాయి మునిగితే ఆ పూట ఇంట్లో పాయసం వండినంత సంబరం. మాటలు మళ్ళీ దగ్గరగా వినిపించసాగాయి. కానీ దసరా దగ్గర పడుతోంది, కర్ర అందేంత నీళ్ళు ఇంకా రాలేదు, చిన్నమ్మకు నెలలు నిండుతున్నాయి. పీట ఎక్కొద్దని అమ్మ నీళ్ళలోకి చెప్పి చెప్పి అలిసిపోయింది. ఆ పిల్ల వింటేగా!

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు నల్లగా కమ్ముకుంది. అమ్మ మౌలాలిలో మేనత్త ఇంటికి పోయి అక్కడే వానలో చిక్కుకుంది. ఫ్యాక్టరీలో కరెంటు పోయి మమ్మల్ని ముందుగానే వదిలేశారు. చాయ్ తాగుదాం రా చిన్నాయనా అంటే, “వద్దు రా, ఆమె ఒక్కతే ఉన్నది, పాణం గుంజుతుంది” అన్నాడు. చెయ్యి పట్టుకుని లాగినా ఆగలేదు. ఇక చేసేదేముంది, ఆ కుండపోతలో ఆయన ముందు, నేను వెనక, సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చాం. ఈసారి ఉప్పల్ మొదటి ఇళ్ళ దగ్గర నేను ఆగలేదు.

ఆయన వెంట వాళ్ళ గేటులో అడుగుపెట్టి చూస్తే, చిన్నమ్మ ఆ నిండు పొట్టతో పీట మీద నిలబడి ఉంది. తిప్పీ తిప్పీ దోనె మూతి కీలు ఊడిపోయినట్టుంది, ఆ తగరపు ముక్కను రెండు చేతులతో ఎత్తిపట్టుకుని బావి వైపు వంచి పట్టుకుంది, నీళ్ళు ఆమె మోచేతుల మీదుగా కారుతున్నాయి, కింద పీట బురదలో ఊగుతోంది. గోడకు ఇవతల మా నాయన నిచ్చెన మీద ఉన్నాడు, జారిన పెంకు సర్దడానికి ఎక్కినవాడు గోడ మీదుగా అంతా చూశాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో ఏమో, దగ్గుతున్నాడు. మా ఇళ్ళలో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు, చెప్పాల్సింది ఉంటే భార్య చేతో పిల్లల చేతో చెప్పిస్తాడు. ఇంట్లో అమ్మ లేదు, నేను లేను. ఆయన దగ్గి దగ్గి గొంతు చించుకుంటున్నాడు, ఆ వాన హోరులో ఆమెకు అది వినిపించడమే లేదు.

గేటులో చిన్నాయన కనిపించగానే నాయన నోటి వెంట ఎన్నేళ్ళుగానో ఆగిన మాట తన్నుకొచ్చింది. “ఏం జూస్తున్నవు రా నిలవడి! ఆ పిల్లను దింపు! వట్టిమనిషి గాదు, జారితె ఎట్ల?”

చిన్నాయన సైకిలు వదిలేసి పరుగెత్తాడు. ఆమెను రెండు చేతులతో ఎత్తి కింద నిలబెట్టి లోపలికి పొమ్మన్నాడు. చిన్నమ్మ పోకుండా, “తిట్టుడు తర్వాత తిట్టు గని, నీళ్లు పోతున్నయి, జర పట్టు!” అని ఆ తగరపు ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, బావిని చూశాడు, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అన్నన్ని చాయ్‌లు ఎందుకు తాగించానో అప్పుడు తెలిసి ఉంటుంది. నన్ను ఏమంటాడో అని బిక్కచచ్చిపోయాను. ఆయన పీట ఎక్కి, తగరాన్ని తానే ఎత్తి పట్టుకున్నాడు.

కాసేపటికి నిచ్చెన మీదినుంచి నాయన, “కొంచెం ఇటు వంచు రా, గట్టు మీద పడుతున్నయి” అన్నాడు. చిన్నాయన వంచాడు. “గిట్లనా, అన్నా?” అన్నాడు. “ఆ, గట్లనే ఉంచు” అన్నాడు నాయన. వాన ఆగేదాకా ఒకరు నిచ్చెన మీద, ఒకరు పీట మీద, అలాగే తడుస్తూ నిలబడ్డారు.  నేను మాత్రం గేటు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను, వాన కాబట్టి ఎవరూ చూడలేదు.

మర్నాడు చిన్నాయన దోనె మూతిని బావి వైపు పెట్టి సిమెంటుతో బిగించేశాడు. దసరా నాటికి నీళ్ళు నిండుగా లేచాయి, గది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాయన ఒట్టు వెనక్కి తీసుకున్నాడు, అమ్మ ఆ రోజే గేటు దాటి పోయి చిన్నమ్మ గడ్డం పట్టుకుని చూసుకుంది. చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది, మొదటి స్నానం అమ్మే చేయించింది. అన్నదమ్ములు మునుపటిలా ఒకే కంచంలో తినేంత కలిసిపోయారని అబద్ధం చెప్పను. కానీ ప్రతి ఏడూ వానలకు ముందు ఇద్దరూ ఆ ఇసుక గుంత కలిసి కడిగేవారు, గొణుక్కుంటూనే, ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుంటూనే. చాలా ఏళ్ళు ఆ బావి మమ్మల్ని కాచింది.

తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. బావినీళ్ళు బట్టలకే అన్నారు, తర్వాత అంట్లకే అన్నారు, తర్వాత దోమలు వస్తున్నాయని మూత వేశారు. నాయన పోయాడు, ఏడాది తిరగకుండా చిన్నాయన పోయాడు. మేమూ, చిన్నమ్మ కూతురూ అల్లుడూ అందరం కూర్చుని స్థలాన్ని బిల్డరుకు ఇచ్చేశాం, అప్పుడు అదే తెలివైన పని అనిపించింది. పూడ్చే రోజున అమ్మా చిన్నమ్మా చూస్తామని పట్టుబడితే తీసుకుపోయాం. మిషను ముందు గోడను పడగొట్టింది. దుమ్ము తేలిపోయాక బావికి అటు చిన్నమ్మ, ఇటు అమ్మ, ముఖాముఖి నిలబడి ఉన్నారు. ఆ గట్టు దగ్గర వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, గోడ కట్టినప్పటి నుంచి అదే మొదటిసారి. ఏదైనా మాట్లాడుకుంటారని నేను చూశాను. ఇద్దరూ మాట్లాడలేదు. టిప్పరు వెనక్కి వచ్చి మట్టి దించుతుంటే అమ్మ అటు తిరిగి నిలబడింది.

అమ్మ ఆ తర్వాత నాతోపాటు ఈ నాచారం ఫ్లాటులోనే ఉంది, చిన్నమ్మ కూతురితో నాగోల్ పోయింది. ఇద్దరికీ ఫోన్లు కొనిచ్చాం, ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడుకోమన్నాం, అడ్డం చెప్పే మగవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. అయినా ఫోన్లో, తిన్నవా అక్కా, తిన్న చెల్లె, నువ్వో అని అడిగాక, వాళ్ళకు ముచ్చట దొరికేది కాదు. ఒకే చోట వంగి ఒకే పని చేస్తుంటే వచ్చే మాటలు అవి, చేతిలో తాడు లేకుండా ఎక్కడినుంచి వస్తాయి? అమ్మ కూడా పోయి ఇప్పటికి చాలా కాలమైంది.

ఆనాటి నీళ్ళ కష్టాలు మళ్ళీ రావాలని నేను కోరుకోను, బిందెలు మోసి ఆడవాళ్ళ నడుములు పడిపోయిన కాలం అది. కానీ మనసు మాత్రం అటే లాగుతుంది, ఏం చెయ్యను. ఆ రోజుల్లో కప్పు మీద పడ్డ ప్రతి చినుకూ ఎటు పోతోందో ఇంట్లో అందరికీ తెలిసేది. దాని కోసం కొట్లాడుకున్నారు, దాని కోసమే కలిశారు. ఇప్పుడు మా డాబా వాన ఎటు పోతోందో అడిగేవాడు లేడు, పక్క ఫ్లాటులో ఉన్నదెవరో నాకు తెలియదు, మా మధ్య పోట్లాడుకోవడానికి కూడా ఏమీ లేదు.

మొన్న ఆ వాన పడుతుండగానే ఫోను మోగింది. చిన్నమ్మే, ఇప్పుడు చెవులు సరిగా వినిపించవు, అందుకని గట్టిగా మాట్లాడుతుంది. తిన్నవా అని కూడా అడగలేదు.

“బిడ్డా, మీ దిక్కు వాన పడుతుందా?” అంది.

పడుతోంది చిన్నమ్మా, మస్తు పడుతోంది, మీ దిక్కు లేదా అన్నాను. లేదట, చుక్క కూడా లేదట, ఎండ కాస్తోందట. నాచారానికీ నాగోలుకూ ఎంత దూరం గనక! ఒకప్పుడు ఆమెకు ఆ మాట అడిగే అవసరమే ఉండేది కాదు, మా ఇంటి మీద పడ్డ వానే వాళ్ళ ఇంటి మీదా పడేది. ఫోనును బాల్కనీ బయటికి చాచి పట్టుకున్నాను. చాలాసేపటి దాకా ఆమె పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు.